బండి పోయినా బాకీ పోలేదు

ప్రశ్న: అయ్యా, మాది తెనాలి దగ్గర ఒక ఊరు. 2022 ఆగస్టులో మా వారు 12.5 శాతం వడ్డీకి 7 లక్షలు అప్పు తీసుకుని కారు కొని టాక్సీగా తిప్పుకున్నారు. నెలకు 15,750 రూపాయల చొప్పున 60 వాయిదాలు. 2024 అక్టోబరు వరకు 26 వాయిదాలు తప్పకుండా కట్టాం. ఆ తర్వాత ఆయనకు వెన్నులో డిస్కు జారి నాలుగు నెలలు మంచం మీద ఉన్నారు. వాయిదాలు ఆగిపోయాయి. 2025 మార్చిలో, ఆయన మళ్లీ స్టీరింగు పట్టిన వారానికే, రాత్రి 9 గంటలప్పుడు టోల్ గేటు దాటాక నలుగురు మనుషులు బండి ఆపి, తాళాలు లాక్కుని కారు తీసుకెళ్లారు. పోతే పోయింది, అప్పు పీడ విరగడైంది అనుకున్నాం. మే నెలలో వేలంలో 3,05,000కు అమ్మామని, మేం ఇంకా 2,02,000 కట్టాలని నోటీసు వచ్చింది. ఇప్పుడు 90 వేలు ఒకేసారి కడితే సెటిల్ చేస్తామంటున్నారు. అప్పు కాగితాల మీద నేనూ సంతకం పెట్టాను. మా అన్నయ్య జామీను ఉన్నాడు. మొన్న అన్నయ్య ఇంటి అప్పు కోసం బ్యాంకుకు వెళ్తే 'మీ పేరు మీద మొండి బాకీ ఉంది' అన్నారట. వదిన మాతో మాట్లాడడం మానేసింది. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. వచ్చే ఏడాది ఇంజినీరింగ్‌కు విద్యారుణం కావాలి. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు 'ఇక ఏడేళ్లు మీకెవరూ అప్పు ఇవ్వరు' అన్నాడు. కారు వాళ్లే తీసుకున్నాక కూడా మేం ఎందుకు కట్టాలి? 90 వేలు కట్టేయమంటారా?
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక్క మాట. ఆ 90 వేలు ఈ వారం కట్టవద్దు. అసలు కట్టవద్దని కాదు. ఏ కాగితం చేతికి వచ్చాక కట్టాలి, ఆ కాగితంలో ఏ మాట రాసి ఉండాలి అన్నది తేల్చుకోకుండా కట్టవద్దు. మీ ముగ్గురి పేర్ల మీద పడిన మచ్చ ఎన్నాళ్లుంటుందో చాలావరకు ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది.

'కారు వాళ్లే తీసుకున్నారు కదా' అన్న ప్రశ్న బ్యాంకులో వాహన రుణాలు చూసిన రోజుల్లో నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. అడిగేవారి తప్పేమీ లేదు. ఊళ్లో కుదువ పెట్టిన గొలుసు విడిపించుకోలేకపోతే షావుకారు గొలుసు ఉంచేసుకుంటాడు, మళ్లీ మన గడప తొక్కడు. ఆ లెక్క మన మనసుల్లో పాతుకుపోయింది. కారు అప్పుకు ఆ లెక్క చెల్లదు. మీ దగ్గర ఆర్‌సీ నకలు ఉంటే తీసి చూడండి. యజమానిగా మీ వారి పేరు ఉంటుంది, హైపోథికేషన్ అన్నచోట అప్పిచ్చిన కంపెనీ పేరు ఉంటుంది. అంటే కారు మీదే, అప్పు తీరేవరకు దాని మీద వాళ్లకు హక్కు ఉంది. ఆ కారు అప్పుకు హామీ మాత్రమే. అమ్మితే వచ్చిన సొమ్మును బాకీలో జమ వేస్తారు. చాలకపోతే మిగతాది మీరివ్వాలి, ఎక్కువ వస్తే ఆ ఎక్కువ వాళ్లు మీకివ్వాలి.

మీరిచ్చిన అంకెలతో నేను కాగితం మీద లెక్క వేసి చూశాను. 26 వాయిదాలు కట్టాక మిగిలే అసలు సుమారు 4,49,000. అక్టోబరు నుంచి మే వరకు ఏడు నెలల వడ్డీ దాదాపు 33 వేలు. మొత్తం 4,82,000. అందులోంచి వేలం సొమ్ము 3,05,000 తీసేస్తే 1,77,000 మిగలాలి. వాళ్లు అడుగుతున్నది 2,02,000. కాబట్టి ఒక 25 వేలు చార్జీల పేరుతో కలిశాయి. బండి పట్టుకొచ్చిన ఖర్చు, యార్డులో ఉంచినందుకు రోజువారీ అద్దె, వాయిదా బౌన్స్ చార్జీలు, ఆలస్య రుసుము ఇవన్నీ అందులో ఉండవచ్చు. ఈ 25 వేల సంగతి, ఆ 3,05,000 ధర సంగతి మళ్లీ చెబుతాను. మీకు బేరమాడే అవకాశం ఉన్నది సరిగ్గా ఈ రెండు చోట్లే.

ఇక మచ్చ సంగతి. కారు తీసుకెళ్లిన రాత్రే మీ పేరు పాడైందని మీరనుకుంటున్నట్టున్నారు. అంతకు నాలుగు నెలల ముందే మొదలైంది. మన దేశంలో రుణ చరిత్ర ఉంచే సంస్థలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. అప్పిచ్చిన ప్రతి సంస్థా ఖాతా వివరాలు వీటికి పంపాలి. 2025 జనవరి నుంచి కనీసం పదిహేను రోజులకొకసారి పంపాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఈ నాలుగూ ఏడాదికొక పూర్తి రిపోర్టు మీకు ఉచితంగా ఇవ్వాలి. సిబిల్ రిపోర్టు తెప్పించుకుని మీ కారు అప్పు ఉన్న పేజీ తెరవండి. 36 నెలలకు 36 చిన్న గళ్లు వరసగా కనబడతాయి. ఒక్కో గడిలో మూడంకెలు. ఆ నెలాఖరుకు మీ వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో ఆ అంకెలు చెబుతాయి. 2024 అక్టోబరు వరకు మీ గళ్లన్నీ 000, 000, 000 అని ముత్యాల్లా ఉండి ఉంటాయి. మీ వాయిదా తేదీ 5 అనుకుంటే నవంబరులో 025, డిసెంబరులో 056, జనవరిలో 087, ఫిబ్రవరిలో 115, మార్చిలో 146.

ఆ వరసలో ఫిబ్రవరి గడి దగ్గర ఆగండి. 90 రోజులు దాటితే ఆ ఖాతాను మొండి బాకీగా లెక్కిస్తారు. మీ అన్నయ్యతో బ్యాంకు వాళ్లు అన్న మాట అక్కడి నుంచి వచ్చింది. కారు పోయిన మార్చి నెల కంటే, కారు ఇంకా మీ వాకిట్లో ఉన్న ఫిబ్రవరి నెలే మిమ్మల్ని ఎక్కువ దెబ్బ తీసింది. డిసెంబరులోనే డిస్కు వైద్యం కాగితాలు పట్టుకుని బ్రాంచికి వెళ్లి గడువు పెంచమని రాసి ఇచ్చి ఉంటే బాగుండేది. జరిగిపోయినదానికి మిమ్మల్ని నొప్పించాలని కాదు, ఇది చదివే మరొకరి ఇంట్లో ఇప్పుడు 025 నడుస్తూ ఉండవచ్చు, వారి కోసం చెబుతున్నాను.

వేలం సొమ్ము జమ అయినంత మాత్రాన ఖాతా మూతపడదు. మిగతా బాకీ ఉన్నన్నాళ్లు అది ప్రతి పక్షం మీ పేరు మీద నివేదికలోకి ఎక్కుతూనే ఉంటుంది. కొంతకాలం చూసి కంపెనీ దాన్ని 'రిటెన్ ఆఫ్' అని రాస్తుంది. ఈ మాట చూసి అప్పు రద్దయిందని సంబరపడినవాళ్లను నేను చూశాను. అది కంపెనీ తన పుస్తకాల్లో తన నష్టాన్ని రాసుకోవడం మాత్రమే. మీ బాకీ అలాగే ఉంటుంది, వసూలు హక్కూ ఉంటుంది. పైగా తర్వాత అప్పివ్వబోయే బ్యాంకు కంటికి అంతకంటే చెడ్డ మాట మరొకటి ఉండదు.

స్కోరు ఎన్ని పాయింట్లు పడిపోతుందని మీరు అడగలేదు గానీ, అడిగినా నేను చెప్పను. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ అంకెను కట్టే సూత్రం బయటివారికి ఇవ్వరు. ఇన్ని పాయింట్లని ఖచ్చితంగా చెప్పేవారిని నమ్మవద్దు. సాధారణంగా 750 దాటితే బ్యాంకులు సుముఖంగా ఉంటాయి. అయితే ఇంటి అప్పు, చదువు అప్పు ఇచ్చే అధికారి ఆ అంకె ఒక్కటే చూసి సరిపెట్టడు. కింద ఖాతాలను ఒక్కొక్కటిగా చదువుతాడు. నేను చదివేవాణ్ని కాబట్టి చెబుతున్నాను. 700 స్కోరు ఉండి ఒక ఖాతాలో 'సెటిల్డ్' (కొంత కట్టి సర్దుకున్నది) ఉన్న మనిషి కంటే, 680 ఉండి అన్ని ఖాతాలూ 'క్లోజ్డ్' (పూర్తిగా కట్టి మూసినవి) అని ఉన్న మనిషికి అప్పివ్వడానికి నాకు ధైర్యం ఎక్కువ ఉండేది.

డాలస్ అన్నయ్య చెప్పిన ఏడేళ్లు ఆయన ఉన్న దేశపు లెక్క. అక్కడ 1970 నాటి చట్టం ప్రకారం ఇలాంటి మచ్చను ఏడేళ్లు దాటాక రిపోర్టులో చూపకూడదు. కారు వాళ్లు లాక్కెళ్లినా, మనమే తీసుకెళ్లి అప్పగించినా లెక్క అదే. మన నిబంధనల్లోనూ ఏడేళ్ల మాట ఉంది, కాని దాని అర్థం దాదాపు తలకిందులు: ఇక్కడి సంస్థలు సమాచారాన్ని కనీసం ఏడేళ్లు దాచి ఉంచాలి. అందుకని ఏడేళ్లు గడిస్తే దానంతట అదే చెరిగిపోతుందిలే అని ఇక్కడ కూర్చోకూడదు. అలాగని ఏడేళ్లూ ఎవరూ అప్పివ్వరన్నదీ నిజం కాదు. నెలవారీ గళ్లు 36 నెలలవే కనబడతాయి. బాకీ తీరి ఖాతా సవ్యంగా మూసుకుని, ఆ తర్వాత రెండు మూడేళ్లు మిగతా అప్పులన్నీ చక్కగా కట్టినవారికి ఇళ్ల అప్పులు మంజూరు చేసిన సందర్భాలు నా ఎరుకలోనే ఉన్నాయి.

రాత్రి 9 గంటలకు టోల్ గేటు దగ్గర జరిగింది చదివి నాకు చాలా బాధ కలిగింది. మీ వారి వెన్ను ఇంకా కుదుటపడలేదు, చేతిలోంచి తాళాలు లాక్కున్నారు. అలా చేసే హక్కు ఏ కంపెనీకీ లేదు. అప్పు వసూలుకు బలవంతులను పంపకూడదని సుప్రీంకోర్టు 2007లో ఒక వాహన రుణం కేసులోనే స్పష్టంగా చెప్పింది. బండిని స్వాధీనం చేసుకోవడం చట్టప్రకారం జరగాలి గానీ బలప్రయోగంతో కాదని 2011లో మరోసారి చెప్పింది. పట్నా హైకోర్టు 2023లో ఇలాంటి పనులకు కంపెనీల మీద జరిమానాలు కూడా వేసింది. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోను కూడా చేయకూడదు. బండి తీసుకోవాలంటే ఎన్నాళ్ల ముందు నోటీసు ఇస్తారో, ఏ పద్ధతిలో తీసుకుంటారో, అమ్మే ముందు బాకీ కట్టుకోవడానికి ఆఖరి అవకాశం ఎలా ఇస్తారో, వేలం ఎలా జరుపుతారో ఇవన్నీ అప్పు ఒప్పందంలోనే రాసి ఉండాలి.

అయితే మీకు అబద్ధం చెప్పలేను. వాళ్లు బండి తీసుకున్న తీరు తప్పు అయినంత మాత్రాన మీ బాకీ రద్దు కాదు, ఆ 115, 146 అంకెలు చెరిగిపోవు. ఆ తప్పు మీకు రెండు రకాలుగా పనికొస్తుంది. నష్టపరిహారం కోరడానికి ఒకటి. టాక్సీ అంటే వ్యాపారం కదా, వినియోగదారుల కమిషన్ ఒప్పుకుంటుందా అని సందేహించవద్దు. బతుకుతెరువు కోసం తానే నడుపుకునే మనిషిని 2019 చట్టం వినియోగదారుగానే గుర్తిస్తుంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది, అది ఆ మార్చి నుంచే నడుస్తోంది. రెండోది బేరంలో. ఆ రాత్రి ఏం జరిగిందో తేదీ, సమయం, చోటుతో మీ వారు తన మాటల్లో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. జ్ఞాపకం మసకబారుతుంది, రాసింది అలాగే ఉంటుంది.

ఇప్పుడు కంపెనీకి రాయవలసిన ఉత్తరం. తెలుగులోనే రాయండి. అప్పు తీసుకున్నవారికి అర్థమయ్యే భాషలో ఉత్తరప్రత్యుత్తరాలు జరపాలన్నది ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన నియమం, కాబట్టి జవాబూ తెలుగులో అడగండి. అందులో ఈ కాగితాలు కావాలని కోరండి: మీరు సంతకం పెట్టిన ఒప్పందం నకలు, మొదటి రోజు నుంచి నేటి వరకు ఖాతా పూర్తి వివరం, బండి తీసుకునే ముందు పంపిన నోటీసు, అమ్మే ముందు పంపిన నోటీసు, ఆ నోటీసులు మీకూ మీ అన్నయ్యకూ అందినట్టు రుజువు, బండికి విలువ కట్టిన నివేదిక, వేలంలో ఎవరెవరు ఎంత పాడారో ఆ వివరం, 25 వేల చార్జీల్లో ఒక్కో పద్దూ విడివిడిగా. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఈమెయిల్ కూడా చేయండి.

ఆ 3,05,000 ధర సరైనదేనా అని తేల్చడానికి మీ ఇంట్లోనే ఒక రుజువు ఉంది. కారు బీమా పాలసీ తీయండి. అందులో ఐడీవీ అని ఒక అంకె ఉంటుంది. పోయినా పూర్తిగా దెబ్బతిన్నా బీమా కంపెనీ చెల్లించే విలువ అది, బండి మార్కెట్ ధరకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. అది 3,40,000 ఉంటే వేలం ధరలో వింత లేదు. యార్డు బండ్లకు ఎప్పుడూ కొంత తక్కువే పలుకుతుంది. 4,50,000 ఉంటే మాత్రం గట్టిగా అడగవలసిందే.

ఎందుకు తక్కువ పలుకుతుందో నేను కళ్లారా చూశాను. చాలా ఏళ్ల కిందట విలువ కట్టే పని మీద అలాంటి ఒక యార్డుకు వెళ్లాను. ఊరి చివర ముళ్లకంచె వేసిన ఖాళీ స్థలం, వరసలుగా కార్లు, ట్రాక్టర్లు, ఆటోలు. అద్దాల మీద దుమ్ములో వేలితో రాసిన ఖాతా నంబర్లు. ఒక తెల్ల కారు టైర్లు నాలుగూ గాలి పోయి నేలకు అతుక్కుని ఉన్నాయి. బ్యాటరీ ఎవరో తీసుకుపోయారు. ముందు అద్దం దగ్గర ఎండిపోయిన నిమ్మకాయ దండ, వెనక సీటు కింద చంటిపిల్ల చెప్పు ఒకటి. రెండు నెలల కిందట రోడ్డు మీద తిరిగిన బండి అది. అది అలా నిలబడి ధర పోగొట్టుకుంటూ ఉంటే, దాని పేరు మీద రోజువారీ అద్దె పద్దు మాత్రం పెరుగుతూ పోతోంది. రెండూ కలిసి పడేది బండి పోగొట్టుకున్నవారి మీదే. మీ బండి మార్చిలో తీసుకుని మేలో అమ్మారు. ఆ రెండు నెలలు ఎందుకు పట్టిందని అడగండి. బండిలో ఉన్న మీ వస్తువుల జాబితా రాసి మీ వారి సంతకం తీసుకున్నారా అనీ అడగండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా ఖాతాదారుల ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలకు 14448 నంబరుకు ఫోను చేస్తే చెబుతారు. ఈ ఫిర్యాదుకు మీ ఉత్తరం రసీదే పునాది, అందుకే పోగొట్టుకోవద్దంటున్నాను.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న. 2,02,000 బాకీకి 90 వేలు పుచ్చుకుని వదిలేస్తే కంపెనీ దాన్ని 'సెటిల్డ్' అని రాస్తుంది. తీసుకున్నంత తిరిగి కట్టలేదు, ఉన్నదాంతో సర్దుకున్నాం అని ఆ మాటకు అర్థం. వసూలు కుర్రవాడు ఫోనులో 'సెటిల్ అయిపోతే మీ సిబిల్ క్లియర్ అండీ' అని ఉంటాడు. కాదు. మీ పేరు మీద, మీ వారి పేరు మీద, జామీను ఉన్న అన్నయ్య పేరు మీద ముగ్గురికీ ఆ మాట పడుతుంది. దాన్ని చూసి ఇంటి అప్పుకు చాలా బ్యాంకులు ముఖం తిప్పుకుంటాయి. పూర్తిగా కడితే పడే మాట 'క్లోజ్డ్'. పాత ఆలస్యాల గళ్లు అప్పుడూ ఉంటాయి, కాని కథ ముగింపు వేరు.

మీరొక్కరే అయి ఉండి, దగ్గర్లో ఏ అప్పూ అవసరం లేకపోతే, ఆ 90 వేలు కట్టి ఊపిరి పీల్చుకోమని చెప్పేవాణ్ని. మీ ఇంట్లో ఏడాదిలోపు రెండు అప్పుల అవసరం ఉంది: అన్నయ్య ఇల్లు, పాప చదువు. అందుకని నా సలహా ఇది. లెక్కలు చేతికి వచ్చాక ఆ 25 వేల చార్జీలు పూర్తిగా తీసేయమనండి. 2024 ఏప్రిల్ నుంచి ఆలస్య రుసుమును అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయడం నిషేధం, అది జరిగిందేమో కూడా చూడండి. వేలం ధర మరీ తక్కువని తేలితే ఆ తేడా తగ్గించమనండి. ఆ తర్వాత మిగిలేది, 1,77,000 గానీ అంతకంటే తక్కువ గానీ, ఆరు నుంచి పది వాయిదాల్లో పూర్తిగా కడతామని రాతపూర్వకంగా చెప్పండి. దానికి బదులుగా 'ఈ సొమ్ము అందాక ఖాతాను క్లోజ్డ్ అని నాలుగు సంస్థలకూ నివేదిస్తాం, ముగ్గురి మీదా ఏ బాకీ లేదు' అని కంపెనీ లెటర్‌హెడ్ మీద, అధికారి సంతకం, ముద్రతో ఉత్తరం ఇవ్వాలి. ఉత్తరం ముందు, డబ్బు తర్వాత. డబ్బు కంపెనీ ఖాతాకే వెళ్లాలి. ఇంటికి వచ్చిన మనిషి చేతికి గానీ, అతని ఫోనుకు గానీ ఒక్క రూపాయి పంపవద్దు.

అంత సొమ్ము ఎక్కడిదని మీరు అడుగుతారు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో బంగారు రుణం చూడండి, దానికి స్కోరును అంతగా పట్టించుకోరు. ఫోనులో నిమిషాల్లో అప్పిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. వడ్డీ సంగతి అలా ఉంచితే, మీ ఫోనులోని పేర్లన్నీ తీసుకుని బంధువులకు ఫోన్లు చేసి మానం తీస్తారు. ఒకవేళ ఎంత ప్రయత్నించినా 1,77,000 కుదరకపోతే, రిటెన్ ఆఫ్ కంటే సెటిల్డ్ మేలు. ఏమీ చేయకుండా వదిలేయడం అన్నిటికంటే చెడ్డది. సెటిల్ చేసుకున్నా, తర్వాత చేతిలో డబ్బు ఆడినప్పుడు మిగతాది కట్టి క్లోజ్డ్‌గా మార్పించుకునే వీలు కొన్ని కంపెనీలు ఇస్తాయి. అలా ఇస్తారేమో ముందే అడిగి ఆ మాట కూడా ఉత్తరంలో రాయించుకోండి.

చెన్నై నుంచో ముంబయి నుంచో మధ్యవర్తి (ఆర్బిట్రేటర్) పేరుతో ఇంగ్లిషు నోటీసు వస్తే చింపి పారేయకండి. మీరు జవాబు ఇవ్వకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది, దానికి కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది. అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన సంతకాల చెక్కులను కంపెనీ బ్యాంకులో వేసి అవి తిరిగివస్తే క్రిమినల్ కేసు పెట్టవచ్చు. ఖాతా నుంచి నేరుగా వాయిదా కోసుకునే ఆదేశం బౌన్స్ అయినా 2007 నాటి చెల్లింపుల చట్టం కింద అలాంటి కేసే. నోటీసు వస్తే ఉచిత న్యాయ సహాయం కోసం గుంటూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. లోక్ అదాలత్‌లో రాజీకి వచ్చినా అక్కడ రాసే కాగితంలో ఆ 'క్లోజ్డ్' మాట కోసం పట్టుబట్టండి.

మీ వదినగారి కోపం న్యాయమైనదే అమ్మా. జామీను అంటే అవసరమైనప్పుడు పలకడానికి పేరు రాయించుకోవడం అని మనం అనుకుంటాం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అప్పు తీసుకున్నవారికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే బాధ్యత. అందుకే మీ అన్నయ్య ఒక్క వాయిదా ఎగ్గొట్టకపోయినా ఆయన రిపోర్టులో ఈ ఖాతా కూర్చుంది. మీరిద్దరూ వాళ్లింటికి వెళ్లి, ఈ నోటీసూ మీ ఇద్దరి రిపోర్టులూ ముందు పెట్టి, ఏం చేయబోతున్నారో చెప్పండి. కంపెనీకి రాసే ఉత్తరంలో ఆయన సంతకం కూడా ఉండాలి. ఆయన అడగదగిన ప్రశ్న ఒకటి ప్రత్యేకంగా ఉంది: కారు అమ్మబోతున్నామని ఆయనకు చెప్పారా? హామీగా ఉన్న వస్తువును అప్పిచ్చినవారు జామీనుదారుకు తెలియకుండా పోగొడితే ఆ మేరకు అతని బాధ్యత తగ్గుతుందని అదే చట్టంలో ఉంది. మీ ఒప్పందంలో దానికి అడ్డు వచ్చే షరతు ఉండవచ్చు, కనుక వకీలుకు చూపించి అడగండి.

పాప చదువు గురించి మీరు రాసిన రెండు వాక్యాలు నేను రెండుసార్లు చదివాను. విద్యారుణానికి బ్యాంకు తల్లిదండ్రులలో ఒకరిని సహ రుణగ్రహీతగా అడుగుతుంది, మీ ఇద్దరి రిపోర్టులూ తీస్తుంది. అక్కడ ఇబ్బంది ఎదురవుతుంది, నిజమే. కాని దారులు ఉన్నాయి. స్థిరమైన ఆదాయం ఉన్న మరో దగ్గరి బంధువును సహ రుణగ్రహీతగా ఒప్పుకునే బ్యాంకులు ఉన్నాయి. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలో ఉన్న మంచి విద్యాసంస్థల్లో సీటు వస్తే హామీ ఆస్తి గానీ జామీను గానీ అడగకుండా అప్పు ఇస్తారు; కాబట్టి కౌన్సెలింగ్‌లో కళాశాలలు ఎంచుకునేటప్పుడే ఆ జాబితా పక్కన పెట్టుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉంటే కావలసిన అప్పే తగ్గుతుంది. సిబిల్ స్కోరు తక్కువన్న ఒక్క కారణంతో విద్యారుణం నిరాకరించడం సరికాదని కేరళ హైకోర్టు 2023లో ఒక విద్యార్థి కేసులో చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రంలోని బ్యాంకును నేరుగా కట్టిపడేయదు గానీ, మేనేజరు కాదంటే ఆ కారణం రాసి ఇవ్వమని అడగడానికి మీకు బలం ఇస్తుంది. పాపకు సొంతంగా రుణ చరిత్ర ఇంకా లేదు. తొలిసారి అప్పు అడిగేవారిని చరిత్ర లేదన్న కారణంతోనే తిప్పి పంపకూడదని రిజర్వ్ బ్యాంకు 2025 జనవరిలో బ్యాంకులకు చెప్పి ఉంది. ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో మాత్రం దరఖాస్తులు పెట్టవద్దు, ప్రతి విచారణా మీ రిపోర్టులో నమోదవుతుంది. మీ రిపోర్టు మీరే చూసుకోవడం వల్ల స్కోరు తగ్గదు, ఆ భయం వద్దు.

ఈలోగా మీ పేరు మీద ఉన్న ఏ చిన్న అప్పునైనా, పొదుపు సంఘం వాయిదా అయినా సరే, ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకండి. డబ్బిస్తే సిబిల్ మచ్చ తుడిచేస్తామనే వాళ్లు తెనాలిలోనూ ఉంటారు, ఇంటర్నెట్‌లోనూ ఉంటారు. నిజమైన వివరాన్ని ఎవరూ తుడవలేరు. తప్పు వివరం ఉంటే దాన్ని దిద్దించుకోవడం ఉచితం: సిబిల్‌కు ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలి. వేలం సొమ్ము 3,05,000 జమ కాకుండా పాత బాకీయే కనబడుతోందా అన్నది ముందు చూడండి.

ఇంకొక్క సంగతి, చాలామంది మరిచేది. వేలంలో కొన్నవారి పేరుకు ఆర్‌సీ మారిందా? మారకపోతే ఆ కారు ఇప్పటికీ రవాణా శాఖ పుస్తకాల్లో మీ వారిదే. దాని మీద పడే చలానాలు మీ వారికి వస్తాయి. అది ఎవరినైనా గుద్దితే పరిహారం బాధ్యత రికార్డుల్లో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. పరివాహన్ వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి ఈ రోజే చూడండి. ఇంకా మీ వారి పేరే ఉంటే, అమ్మిన తేదీ, కొన్నవారి వివరం రాసివ్వమని కంపెనీకి పంపే ఉత్తరంలో మరో పేరా చేర్చి, దాని నకలు తెనాలి రవాణా కార్యాలయంలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. బండికి ఉన్న ఫాస్టాగ్ కూడా మూయించండి.

కంపెనీ నుంచి ఖాతా వివరం, చార్జీల పద్దులు వచ్చాక మీ పేర్లు, నంబర్లు కనబడకుండా కొట్టేసి ఆ నకళ్లు నాకు పంపండి. ఆ 25 వేలలో ఏది న్యాయమో ఏది కాదో పద్దు పద్దునా చూసి రాస్తాను.